మధ్య ధర కెమెరా: కొన్నాక వచ్చే సందేహాలు

యాభై వేలకూ లక్షకూ మధ్య ధరలో దొరికే కెమెరాలను ఇప్పటికే వాడుతున్నవాళ్లు తమ అభిప్రాయాలు, ఇబ్బందులు రాయాలని కిందటి సంచికలో అడిగాం. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో పొగడ్తలూ ఉన్నాయి, ఫిర్యాదులూ ఉన్నాయి. ఫిర్యాదులన్నీ కెమెరా బాడీ మీదే. చదువుతూ పోతే మాత్రం తప్పు చాలాచోట్ల వెలుతురులోనో, లెన్సులోనో, మెనూలో మార్చకుండా వదిలేసిన ఒక సెట్టింగులోనో కనిపిస్తోంది. అందుకే ‘బాడీ మార్చేయమంటారా?’ అని అడిగినవాళ్లలో ఎక్కువమందికి ఈసారి వద్దనే చెబుతున్నాం. ఎందుకు వద్దో కూడా చెబుతున్నాం.

ప్రశ్న: కెనాన్ ఈఓఎస్ ఆర్50 వాడుతున్నాను. ఫొటోలకు వంక పెట్టలేను. కల్యాణ మండపంలో వీడియో తీస్తే మాత్రం నల్లటి అడ్డపట్టీలు పాకుతున్నాయి. మా స్నేహితుడి సోనీ జడ్‌వీ-ఈ10లోనూ ఇదే గొడవ. సర్వీసు సెంటరుకు ఇవ్వాలా? (కొర్లగుంట, తిరుపతి)

జవాబు: ఇవ్వక్కర్లేదు. రెండు కెమెరాలూ బాగానే ఉన్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద వెలిగే ట్యూబులైట్లు, మామూలు ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు గానీ సెన్సరుకు తెలుస్తుంది. సెన్సరు బొమ్మ మొత్తాన్ని ఒక్కసారిగా చదవదు, పై వరుస నుంచి కింది వరుస దాకా వరసగా చదువుతుంది. షట్టర్ 1/50 అయితే, అంటే సెకనులో యాభయ్యో వంతు తెరిచి ఉంటే, ఒక్కో వరుసకు సరిగ్గా రెండు హెచ్చుతగ్గుల వెలుగు అందుతుంది. 1/100 అయితే ఒకటి. అన్ని వరుసలకూ సమానంగా అందుతుంది కాబట్టి పట్టీ రాదు. 1/60 పెడితే ఒకటిన్నర పైచిలుకు పడుతుంది. ఒక వరుసకు ఎక్కువ, ఇంకో వరుసకు తక్కువ. మీకు కనిపించే పట్టీ అదే.

మీ కెమెరా ఎన్‌టీఎస్‌సీలో, అంటే సెకనుకు 30 ఫ్రేములు, 1/60 షట్టర్ లెక్కలో ఉండి ఉంటుంది. మెనూలో పసుపు రంగు పానా గుర్తు కింద వీడియో సిస్టమ్ అని ఉంటుంది. దాన్ని పాల్‌కు (సెకనుకు 25 ఫ్రేముల పద్ధతికి) మార్చండి. తర్వాత వీడియో సైజులో 4కె, 25 ఫ్రేములు ఎంచుకుని, మూవీ మోడ్‌ను మాన్యువల్‌లో పెట్టి షట్టర్‌ను 1/50 దగ్గర వదిలేయండి. వెలుగు ఎక్కువైతే ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) మూయండి, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సరు స్పందించే స్థాయి) తగ్గించండి. షట్టర్ జోలికి మాత్రం పోవద్దు.

సోనీ సంగతి కొంచెం వేరు. ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కు మారిస్తే కార్డును ఫార్మాట్ చేయమని అడుగుతుంది. అందులో ఉన్నవాటిని ముందే కంప్యూటరులోకి తీసుకోండి. ఈ మార్పుతో ఆయనకు ఇంకో లాభం ఉంది. జడ్‌వీ-ఈ10లో 4కె 30 ఫ్రేములు పెడితే చుట్టూ అంచులు కోసుకుపోయి 1.23 రెట్లు దగ్గరైనట్టు వస్తుంది. 25 ఫ్రేములకు సెన్సరు వెడల్పంతా వాడుకుంటుంది. ఇరుకు మండపాల్లో ఆ తేడా బాగా కలిసొస్తుంది.

ఇంత చేసినా పెళ్లి వేదిక వెనకాల పెట్టే ఎల్ఈడీ తెర, మసకగా తగ్గించిన రంగు లైట్లు పట్టీలు తెప్పిస్తూనే ఉంటాయి. అవి 50 హెర్ట్జ్ లెక్కకు లొంగవు. వెలుగు తగ్గించడమంటే లోపల బల్బును వేగంగా ఆర్పి వెలిగించడమే. తగ్గించేకొద్దీ ఆరి ఉండే సమయం పెరుగుతుంది, పట్టీలు ముదురుతాయి. లైటింగ్ చూసుకునే అబ్బాయిని పిలిచి వెలుగు పూర్తిగా పెంచమనండి, మీరు ఎపర్చర్ మూసుకోండి. ఫొటోలకు సైలెంట్ షట్టర్ ఆన్ చేసి ఉంటే అది కూడా తీసేయండి. మండపం లైట్ల కింద పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే నిశ్చల చిత్రంలోనూ పట్టీలు పడతాయి.

ప్రశ్న: రాత్రి పెళ్లి ఫొటోలు ఇసక చల్లినట్టు వస్తున్నాయి. కెమెరాతోపాటు వచ్చిన లెన్సే వాడుతున్నాను. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) బాడీకి మారమని అందరూ అంటున్నారు. (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: ఆ డబ్బులో కొంచెం పెట్టి లెన్సు కొనండి. బాడీని అలాగే ఉంచండి.

ఆర్50తో వచ్చే 18-45 లెన్సును 45 దాకా తిప్పితే ఎపర్చర్ ఎఫ్ 6.3కు పడిపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు దానికి 12 రెట్లు వెలుగు లోపలికి తెస్తుంది. కిట్ లెన్సుతో ఐఎస్ఓ 12800 కావాల్సిన చోట దీనికి సుమారు 1000 చాలు. ఫుల్‌ఫ్రేమ్ బాడీకి మారితే ఒక స్టాపుకు కాస్త పైన లాభం (వెలుగు రెట్టింపయితే ఒక స్టాపు). ఈ లెన్సుతో మూడున్నర స్టాపులు. పాత 18-55 లెన్సు ఉన్న కెనాన్ 200డీ మార్క్ 2 వాళ్లకూ ఇదే లెక్క, వాళ్లకు పదింతల దాకా తేడా వస్తుంది.

కొన్న రోజే ఒక సంగతి తెలుసుకోవాలి. చాలామంది ఇక్కడే ‘లెన్సు ఫోకస్ పట్టడం లేదు’ అని తిరిగి ఇచ్చేస్తున్నారు. ఎఫ్ 1.8 దగ్గర రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే స్పష్టంగా ఉండే మందం మొత్తం 11 సెంటీమీటర్లే. వధూవరుల్లో ఒకరు జానెడు వెనక ఉన్నా ఆ ముఖం మసకే. తలంబ్రాల దగ్గర ఇద్దరూ కావాలంటే ఎఫ్ 2.8కు మూయండి, మందం 17 సెంటీమీటర్లకు పెరుగుతుంది. ఇద్దరి ముఖాలకూ సమాన దూరంలో ఉండేలా ఎదురుగా నిలబడండి. పక్కనుంచి తీస్తే ఏ ఎపర్చరూ కాపాడదు. షట్టర్ 1/100 కంటే తగ్గకుండా చూసుకోండి. అక్షింతలు గాల్లో ఆగినట్టు రావాలంటే 1/500 కావాలి. ఆ వేగంలో మామూలు ట్యూబులైట్ల కింద ఒక ఫొటో వెలుగుగా, మరుసటిది నల్లగా రావచ్చు. మెనూలో యాంటీ ఫ్లికర్ షూటింగ్ ఆన్ చేస్తే వెలుగు పెరిగిన క్షణం చూసి షట్టర్ పడుతుంది.

50 ఎంఎం ఈ సెన్సరు మీద 80 ఎంఎంలా పనిచేస్తుంది. చుట్టాలందరూ వరసగా నిలబడే గ్రూపు ఫొటోకు వెనక్కి జరగడానికి చోటుండదు. దానికి మీ కిట్ లెన్సే 18 దగ్గర పెట్టి, ఫ్లాష్ కలిపి తీయండి.

ప్రశ్న: కెనాన్ 200డీ మార్క్ 2కు చవకైన మాన్యువల్ ఫ్లాష్ కొన్నాను. బటన్ నొక్కితే ఫ్లాష్ వెలుగుతోంది, కెమెరా మీద పెడితే వెలగడం లేదు. ఫ్లాష్ పాడా, కెమెరా పాడా? (పలమనేరు)

జవాబు: రెండూ పాడు కాలేదు. ఫ్లాష్ తగిలించే చోటును చూడండి. నడిమధ్యన గుండ్రటి లోహపు చుక్క ఉండదు. పాత మోడళ్లలో ఉండేది, ఇందులో కంపెనీ తీసేసింది. ఒక్క పిన్ను ఉన్న మాన్యువల్ ఫ్లాష్‌లు, చవక ట్రిగ్గర్లు ఆ చుక్క మీదే ఆధారపడతాయి కాబట్టి పనిచేయవు. కెనాన్ టీటీఎల్ (లెన్సులోంచి వచ్చే వెలుగును కొలిచి ఫ్లాష్ వెలుగు నిర్ణయించే పద్ధతి) సంకేతాలను చదవగలిగే ఫ్లాష్, అదీ మీ మోడల్ పేరు రాసి ఉన్నది తీసుకోవాలి. ఆర్50 ఉన్నవాళ్లకు ఇంకో అడుగు ఎక్కువ. అందులో ఫ్లాష్ పెట్టే చోటే కొత్త తరహాది. పాత తరహా ఫ్లాష్ పెట్టాలంటే ఏడీ-ఈ1 అనే అడాప్టరు కావాలి. ఏ ఫ్లాష్ అయినా దుకాణంలోనే మీ బాడీ మీద పెట్టి, పది సార్లు వెలిగించి చూశాకే డబ్బు ఇవ్వండి.

ప్రశ్న: ఎనభై వేలలోపు లెన్సుతో సహా కావాలి. ఆర్50, జడ్‌వీ-ఈ10, నికాన్ జడ్50, 200డీ మార్క్ 2, ఈ నాలుగింటిలో వాడుతున్నవాళ్లు దేన్ని మెచ్చుకుంటున్నారు? ఇంట్లో ఫంక్షన్లు, పిల్లలు, ప్రయాణాలు. కొద్దిగా వీడియో. (తిరుచానూరు)

జవాబు: ఆర్50 వాళ్లు ఏకగ్రీవంగా మెచ్చుకునేది ఫోకస్. పరుగెత్తే పిల్లవాడి కన్నును పట్టుకుని వదలదు. బ్యాటరీ, కార్డుతో కలిపి 375 గ్రాములే. 4కె వీడియోకు సెన్సరు వెడల్పంతా వాడుతుంది. తిట్టేది బ్యాటరీని. ఎల్‌పీ-ఈ17 చిన్న బ్యాటరీ, 1040 ఎంఏహెచ్. ఒక ముహూర్తం తీయడానికి రెండు బ్యాటరీలు జేబులో ఉండాల్సిందే. వీడియో శబ్దం వింటూ తీద్దామంటే హెడ్‌ఫోన్ రంధ్రం లేదు.

జడ్‌వీ-ఈ10లో ఆ రంధ్రం ఉంది, లెన్సుల ఎంపిక చాలా ఉంది. కానీ కంటికి ఆనించి చూసే వ్యూఫైండరే లేదు. మన ఊళ్లో మిట్టమధ్యాహ్నం వెనక తెర మీద ఏమీ కనిపించదు, అంచనా మీద తీయాల్సి వస్తుంది. లోపల ఫ్లాష్ కూడా లేదు. కూర్చుని మాట్లాడే వీడియోలకు ఇది మంచి కెమెరా. మీ అవసరానికి మాత్రం కాదు.

జడ్50 చేతిలో కుదురుగా కూర్చుంటుంది. 20.9 మెగాపిక్సెళ్లు అని కొందరు వెనకాడతారు గానీ, మిగతావాటి 24తో పోలిస్తే 12 అంగుళాల ప్రింటులో తేడా పట్టలేరు. కిట్‌తో వచ్చే 16-50 లెన్సు చిన్నదైనా పదునుగా ఉంటుంది. వెనక తెర కిందికి తిరుగుతుంది, కెమెరాను ట్రైపాడ్ మీద పెడితే ఆ ట్రైపాడే తెరకు అడ్డు. సెల్ఫీ వీడియోలు తీసేవాళ్లకు చికాకు, మిగతావాళ్లకు పట్టింపు ఉండదు.

200డీ మార్క్ 2 అద్దం ఉన్న పాత పద్ధతి కెమెరా. వ్యూఫైండరుతో తీస్తే ఒక బ్యాటరీకి కంపెనీ లెక్కన 1070 ఫొటోలు. పాత లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో ఎన్నైనా దొరుకుతాయి. 4కె వీడియో మాత్రం పేరుకే. అంచులు బాగా కోసేస్తుంది, ఫోకస్ నెమ్మదిస్తుంది. ఫుల్ హెచ్‌డీలో తీసుకుంటే ఇబ్బంది లేదు.

మీకు మా సలహా ఆర్50, లేదా చేతిపట్టు ముఖ్యమనుకుంటే జడ్50. ఏది తీసుకున్నా ఎనభై వేలూ బాడీకీ కిట్ లెన్సుకూ ఊడ్చిపెట్టకండి. ఎఫ్ 1.8 లాంటి ఒక వెలుగు లెన్సు, అదనపు బ్యాటరీ, రెండు కార్డులు, గాలి బ్లోయర్, ఇవన్నీ ఆ ఎనభైలోనే రావాలి. రాకపోతే ఒక మెట్టు కింది బాడీ తీసుకోండి. బిల్లు మీద బాడీ సీరియల్ నంబరు, జీఎస్టీ రాయించుకోండి. డబ్బా మీద భారతదేశంలోకి దిగుమతి చేసినవారి చిరునామా, ఎంఆర్‌పీ అంటించి ఉందో లేదో చూడండి. ఐదారు వేలు తక్కువకు ఇస్తామనేవాటిలో ఈ రెండూ ఉండవు, ఇక్కడ వారంటీ చెల్లదు.

ప్రశ్న: మేము కలంకారీ చీరలు, గోడ తెరలు అమ్ముతాం. ఫొటోలో ఎరుపు నారింజలా, నీలం ఊదాలా వస్తోంది. రంగు వేరని చీరలు వెనక్కి పంపుతున్నారు. కెమెరా జడ్50. (శ్రీకాళహస్తి)

జవాబు: గదిలో ట్యూబులైటు వెలుగుతూ, కిటికీలోంచి పగటి వెలుగు వస్తూ ఉంటే కెమెరా ఏ వెలుగును తెలుపనుకోవాలో తేల్చుకోలేదు. ముందు లైట్లన్నీ ఆర్పేయండి. ఉత్తరం వైపు కిటికీ ఉంటే, ఉదయం పదికీ మధ్యాహ్నం మూడుకూ మధ్య ఆ వెలుగు ఒక్కటే వాడండి. ఎండ నేరుగా గుడ్డ మీద పడకూడదు. పక్క గోడకు పచ్చ, గులాబీ సున్నం ఉంటే ఆ రంగు గుడ్డ మీదికి వస్తుంది. కిటికీకి ఎదురుగా ఒక తెల్ల థర్మాకోల్ పలక నిలబెడితే నీడలు తేలికవుతాయి.

తర్వాత వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో కెమెరాకు చెప్పే సెట్టింగు) చేతితో పెట్టాలి. ఫొటో దుకాణాల్లో 18 శాతం గ్రే కార్డు దొరుకుతుంది. దాన్ని గుడ్డ పెట్టిన చోటే, అదే కోణంలో ఉంచండి. జడ్50లో వైట్ బ్యాలెన్స్‌లోని ప్రీసెట్ మాన్యువల్ ఎంచుకుని, కొలత తీసుకునే మోడ్‌లోకి వెళ్లి, ఆ కార్డు వైపు పెట్టి షట్టర్ నొక్కండి. ఆ వెలుగు మారనంతవరకు అదే కొలత పనికొస్తుంది. గంట గడిస్తే మళ్లీ తీసుకోండి. తెల్ల కాగితంతో సరిపెట్టుకోవద్దు. నోటుపుస్తకం కాగితాల్లో తెల్లగా మెరిసేందుకు నీలిమందు కలుపుతారు, కొలత పసుపు వైపు జరుగుతుంది. మీ గుడ్డనే తెలుపనుకుని కొలత తీసుకోవడం ఇంకా పొరపాటు. కరక్కాయ, పాలలో ముంచిన గుడ్డ మీగడ రంగులో ఉంటుంది. దాన్ని తెలుపని కెమెరాకు చెబితే గుడ్డ అందమే పోతుంది, నీలం ఊదాకు తిరుగుతుంది.

పిక్చర్ కంట్రోల్ వివిడ్‌లో (రంగులను గాఢంగా చూపే సెట్టింగులో) ఉంటే న్యూట్రల్‌కు మార్చండి. మీ ఎరుపు నారింజ కావడానికి సగం కారణం వివిడ్ కావచ్చు. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) తెరిచి ఎరుపు గీత కుడి గోడకు ఆనకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి. ఆనిందంటే ఎరుపులో చేతి గీతలన్నీ ఒకే ముద్దయిపోయినట్టే. నలుపు సంగతి దీనికి తలకిందులు. బెల్లం నీళ్లలో ఇనుప తుప్పు ఊరబెట్టి తీసే నలుపు ముదురుగా పడుతుంది, ఫొటోలో వెలుగు మరీ తగ్గితే కలం గీత మందం కనిపించదు. రెండూ నిలవాలంటే ఎన్ఈఎఫ్‌లో, అంటే కెమెరా మార్పులు చేయని ముడి (రా) ఫైలుగా తీసి కంప్యూటరులో నీడలు కొంచెం పైకెత్తండి. కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ. అడోబీ ఆర్‌జీబీలో పెట్టి నేరుగా వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్ల ఫోన్లలో రంగు చప్పబడుతుంది.

తెరను గోడకు బిగుతుగా కట్టి, లెన్సు సరిగ్గా దాని నడిమికి ఎదురుగా ఉండేలా ట్రైపాడ్ నిలబెట్టండి. జూమ్ 35 దాటించి దూరం నుంచి తీస్తే అంచులు వంగవు. ఎఫ్ 8, ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమర్. ఒక ఫొటోలో చీరంతా, ఇంకోదాంట్లో బొటనవేలంత చోటులో కలం గీత, మూడోదాంట్లో అదే గుడ్డ పక్కన గ్రే కార్డు ఉంచి పంపండి. రంగు మీద వాదన వస్తే ఆ మూడోది సాక్ష్యం.

ప్రశ్న: నేలపట్టు, పులికాట్ పక్షుల కోసం 55-250 లెన్సు సరిపోతుందా? ఆర్50కు అడాప్టరుతో వాడతాను. (సూళ్లూరుపేట)

జవాబు: నేలపట్టులో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులకు సరిపోతుంది. పులికాట్ రాజహంసలకు చాలదు. లెక్క చూడండి. నిలబడ్డ రాజహంస 1.3 మీటర్ల ఎత్తు అనుకుందాం. 250 ఎంఎం లెన్సుతో 100 మీటర్ల దూరం నుంచి తీస్తే ఫ్రేము ఎత్తులో ఐదో వంతుకు కాస్త పైన వస్తుంది. 200 మీటర్లయితే పదో వంతు, అంటే 4000 పిక్సెళ్ల ఎత్తులో 440. ఫోన్ తెర మీద చూడ్డానికి చాలు, ప్రింటు వేయించలేరు. ఆర్ఎఫ్ 100-400 లెన్సు 635 గ్రాములే, చేత్తో పట్టుకుని తీయొచ్చు. 400 దగ్గర ఎఫ్ 8 కాబట్టి తెల్లవారుజామున పనికిరాదు, ఎండ రావాలి.

ఎండతో చిక్కు ఇంకోటి. తొమ్మిది దాటితే బురద నేల వేడెక్కి గాలి అల్లాడుతుంది. దూరం నుంచి తీసిన పక్షి నీళ్లలో చూసినట్టు కదిలిపోతుంది. ఎంత ఖరీదైన లెన్సూ దీన్ని సరిచేయదు. ఎండ పడిన గంటన్నరలో పని ముగించుకోవాలి. ఎగిరే పక్షికి 1/1600, నిలబడ్డదానికి 1/500. ఫోకస్‌ను సర్వోలో (కదిలేదాన్ని వెంబడించే మోడ్‌లో), గుర్తించాల్సింది జంతువులుగా పెట్టండి, పక్షులూ అందులోకే వస్తాయి. తెల్ల రెక్కలు బూడిద రంగులో వస్తుంటే ఎక్స్‌పోజర్ ప్లస్ 0.7 పెట్టండి, అంటే వెలుగు కొంచెం పెంచండి. రా ఫైలుగా వేగంగా తీస్తే కెమెరా ఊపిరి తీసుకోడానికి త్వరగా ఆగిపోతుంది. ఎగిరే గుంపులకు జేపెగ్ మేలు. దగ్గరికి వెళ్లాలని బురదలోకి దిగి పక్షులను లేపొద్దు. మీకు ఒక ఫొటో పోతే పోయింది, వాటికి మేత పోతుంది.

ప్రశ్న: గంగమ్మ జాతర వేషాలు తీస్తే కొందరు మరీ నల్లగా, కొందరు సున్నం కొట్టినట్టు వస్తున్నారు. (తాతయ్యగుంట ప్రాంతం, తిరుపతి)

జవాబు: కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఎదురుగా ఉన్నదాన్నంతా నడిమి బూడిద రంగుగా చూపించాలని చూస్తుంది. బైరాగి వేషంలో ఒంటి నిండా తెల్ల సుద్ద, కాబట్టి కెమెరా తగ్గిస్తుంది. ప్లస్ 0.7 పెట్టండి. తోటి వేషంలో బొగ్గు నలుపు, కెమెరా పెంచేస్తుంది. మైనస్ 0.7. బండ వేషంలోని కుంకుమకు మైనస్ 0.3 చాలు, ఎరుపు ముద్దకాకుండా ఉంటుంది. దొర వేషంలోని గంధానికి ఏమీ మార్చక్కర్లేదు. వేషం మారిన రోజు ఈ అంకె కూడా మార్చడం మరవకండి.

మే నెల ఎండలో తలమీది నుంచి వెలుగు పడితే కళ్లు గుంతల్లా కనిపిస్తాయి. లోపలి ఫ్లాష్ లేపి తీయండి, రెండు మీటర్లలోపు పనిచేస్తుంది. షట్టర్ 1/200 దాటనివ్వకండి. జనంలో కుంకుమ, పసుపు గాల్లో లేస్తాయి. ఈ ధర కెమెరాల్లో దుమ్ము, తడి అడ్డుకునే రబ్బరు కట్టుదిట్టం సాధారణంగా ఉండదు. లెన్సు అక్కడ మార్చొద్దు, ఒకే జూమ్‌తో తిరగండి. ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడవకండి, పసుపు రంగు పట్టేస్తుంది. ముందు బ్లోయర్, తర్వాత మెత్తని కుంచె, చివర్న పొడి మైక్రోఫైబర్ గుడ్డ. మొక్కు తీర్చుకునేవాళ్ల ముఖాన్ని దగ్గరగా తీసేముందు ఒక్క మాట అడగండి.

ప్రశ్న: కార్తీకం వానలు పోయాక లెన్సు లోపల సాలెగూడులా కనిపిస్తోంది. కెమెరా సంచిలో కర్పూరం బిళ్లలు వేసి పెడతాం. (పుత్తూరు)

జవాబు: అది ఫంగస్. కర్పూరం ఇవాళే తీసేయండి. కర్పూరం, నాఫ్తలీన్ గోలీలు ఆవిరై అద్దాల పూత మీద పొరగా పేరుకుంటాయి, ఫంగస్‌ను ఆపవు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ. గాల్లో తేమ 60 శాతం దాటి నిలబడితే ఫంగస్ పెరుగుతుంది. 40, 50 మధ్య ఉంచాలి. మరీ 30కి దిగితే రబ్బరు, లోపలి గ్రీజు దెబ్బతింటాయి.

రబ్బరు అంచుతో గట్టిగా మూసుకునే పారదర్శక ప్లాస్టిక్ డబ్బా, చిన్న తేమ మీటరు, 100 గ్రాముల సిలికా జెల్, ఇంతే కావాలి. సిలికా గింజలు నేరుగా కెమెరాకు తగలకుండా గుడ్డ సంచిలో కట్టండి. నీలం గింజలు గులాబీకి తిరిగితే పని అయిపోయినట్టు. ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. నీలానికి వాడే కోబాల్ట్ క్లోరైడ్ మంచిది కాదు, వంట పాత్రల్లో వేడి చేయొద్దు. కెమెరాను తోలు కవరులో, బీరువాలో నెలల తరబడి పెట్టకండి. వారానికోసారి బయటికి తీసి వాడటమే పెద్ద రక్ష.

పట్టిన ఫంగస్ ముందు అద్దం మీదే ఉంటే మెకానిక్ తీయగలడు. లోపలి అద్దాల్లోకి పాకి పూతను తినేస్తే మచ్చ మిగులుతుంది. కిట్ లెన్సయితే బాగుచేయించే ఖర్చుకు సెకండ్‌హ్యాండ్ లెన్సే వస్తుంది. ఫంగస్ పట్టిన లెన్సును మిగతా లెన్సుల డబ్బాలో పెట్టకండి.

ప్రశ్న: తిరుమలకు కెమెరా తీసుకెళ్లొచ్చా? (పూతలపట్టు)

జవాబు: ఆలయంలోకి కెమెరాలు, ఫోన్లు అనుమతించరు, ముందే డిపాజిట్ కౌంటరులో ఇవ్వాలి. డ్రోన్ కొండ మీద ఎక్కడా ఎగరవేయకూడదు. చలికాలం మంచులో తిరిగి వెచ్చటి గదిలోకి వెళ్లేముందు కెమెరాను సంచిలోనే ఉంచి జిప్ మూసి, అరగంట ఆగి తెరవండి. వెంటనే తెరిస్తే లెన్సు మీదా లోపలా నీటి ఆవిరి పడుతుంది. ఏసీ మండపం నుంచి బయట ఉక్కలోకి వచ్చినా ఇంతే.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ నికాన్ డీ5600 అమ్ముతామంటున్నారు. ఏం చూడాలి? (మంగళం, తిరుపతి)

జవాబు: ముందు ఒక జేపెగ్ ఫొటో తీసి, ఎడిట్ చేయకుండా, వాట్సాప్‌లో కాకుండా ఒరిజినల్ ఫైలే తీసుకోండి. నికాన్ ఫైళ్లలో షట్టర్ ఎన్నిసార్లు పడిందో రాసి ఉంటుంది, ఎగ్జిఫ్ (ఫొటో ఫైలులో దాగి ఉండే వివరాలు) చూపించే సాఫ్ట్‌వేర్లు చెబుతాయి. ఈ తరగతి షట్టర్లకు ఆయుష్షు లక్షసార్లని లెక్క. నలభై వేల లోపు ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. పెళ్లిళ్లకు తిప్పింది ఎనభై వేలు దాటి ఉంటే ధర బాగా దిగాలి.

తర్వాత ఎఫ్ 16లో తెల్ల గోడను ఫోకస్ తప్పించి తీయండి. మచ్చలు కనిపిస్తే సెన్సరు మీద దుమ్ము. బ్లోయరుతో పోతే సరి, పోకపోతే శుభ్రం చేయించే ఖర్చు తగ్గించుకోవాలి. లెన్సు మూత పెట్టి ఐఎస్ఓ 100లో పది సెకన్లు తీస్తే చెడ్డ పిక్సెళ్లు రంగు చుక్కల్లా బయటపడతాయి. లెన్సులోకి వెనకనుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. తిరిగే తెర మడత దగ్గర తీగ నలిగితే తెర ఆరి వెలుగుతుంది, నాలుగు దిక్కులా తిప్పండి. అన్నీ బాగున్నా పాత బిల్లు లేకపోతే వదిలేయండి.

ప్రశ్న: ఏప్రిల్, మే నెలల్లో ఆరుబయట వీడియో తీస్తుంటే కెమెరా వేడెక్కి ఆగిపోతోంది. (రేణిగుంట)

జవాబు: ఈ కెమెరాల మాన్యువల్‌లో పనిచేసే వేడి 40 డిగ్రీల దాకా అని రాసి ఉంటుంది. మన వేసవి నీడలోనే ఆ గీత దాటుతుంది. తెరను బాడీ నుంచి బయటికి తిప్పి ఉంచండి, వెనక వేడి పోతుంది. సోనీలో ఆటో పవర్ ఆఫ్ టెంప్ అన్నది స్టాండర్డ్ నుంచి హైకి మార్చండి. బాడీ చెయ్యి కాలుతుంది కాబట్టి ట్రైపాడ్ మీదే వాడాలి. షాట్‌కూ షాట్‌కూ మధ్య ఆపేసి గొడుగు నీడలో పెట్టండి. ఐసు ప్యాకులు ఆనించొద్దు, లోపల చెమ్మ పడుతుంది. 4కె అక్కర్లేని చోట ఫుల్ హెచ్‌డీ.

ప్రశ్న: ఏ కార్డు కొనాలి? ఉన్న కార్డులో శ్రీమంతం ఫొటోలు పొరపాటున డిలీట్ అయ్యాయి, వస్తాయా? (నగరి)

జవాబు: ముందు రెండోదానికి. ఆ కార్డు కెమెరాలోంచి తీసి పక్కన పెట్టండి. ఒక్క ఫొటో కూడా కొత్తగా తీయొద్దు. డిలీట్ చేస్తే పేరు మాత్రమే పోతుంది, బొమ్మ అక్కడే ఉంటుంది. కొత్తది దాని మీద పడితేనే అసలుకు పోతుంది. కార్డు రీడరుతో కంప్యూటరుకు పెట్టి ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో వెతికించండి. దొరికినవాటిని అదే కార్డులోకి కాకుండా కంప్యూటరు డ్రైవులోకి రాయించండి. పేర్లు, వరస పోతాయి గానీ బొమ్మలు చాలావరకు వస్తాయి.

కొత్తది వి30 గుర్తున్న 64 జీబీ చాలు. వి30 అంటే సెకనుకు 30 ఎంబీ తగ్గకుండా రాస్తుందని. సెకనుకు 120 మెగాబిట్ల 4కె వీడియోకు కావాల్సింది 15 ఎంబీ, కార్డు నిండటానికి సుమారు 70 నిమిషాలు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 150, 200 అంకెలు చదివే వేగానివి, వాటిని చూసి మోసపోవద్దు. ఒక్క 128 బదులు రెండు 64లు తీసుకోండి. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేరుతో పూర్తిగా నింపి పరీక్షించండి. 64 అని రాసి లోపల ఎనిమిదో పదహారో ఉన్న నకిలీలు అప్పుడే దొరుకుతాయి, మార్చుకునే గడువు కూడా ఇంకా మిగిలే ఉంటుంది.